తండ్రికి సికిల్ లేదు, బిడ్డకు ఉంది: ఒక కుటుంబం కేస్ స్టడీ

పాపకు ఏడేళ్లు, బరువు 18 కిలోలు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఒక ఏజెన్సీ మండలం నుంచి, అక్కడి మెడికల్ ఆఫీసర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని విశాఖపట్నంలోని మా క్లినిక్‌కు వచ్చారు. చీటీలో ఉన్నది ఒక్క ముక్క: "సికిల్ సెల్ ఎనీమియా. తల్లి పాజిటివ్, తండ్రి నెగటివ్. చూడగలరు." సికిల్ సెల్ అంటే ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తపు జబ్బు. పుట్టుకతో వచ్చే ఇలాంటి జబ్బుల మీద పనిచేసేవాళ్లకు ఇది అరుదైన కేసేమీ కాదు. అరుదు కాదు కాబట్టే రాస్తున్నాను. రాయడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఊరు, తెగ, గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఫైలులో ఉన్నవి

ప్లాస్టిక్ కవర్లో మూడు కాగితాలు. మొదటిది ఊళ్లో పెట్టిన స్క్రీనింగ్ క్యాంపుది. వేలి నుంచి తీసిన రక్తాన్ని సోడియం డైథయొనైట్ ద్రావణంలో కలిపి, గొట్టం వెనక పెట్టిన గీతలు కనిపిస్తున్నాయా లేదా అని చూసే సాల్యుబిలిటీ పరీక్ష. పాప పాజిటివ్, తల్లి పాజిటివ్, తండ్రి నెగటివ్. రెండోది ఒక ప్రైవేటు ల్యాబ్‌లో చేయించిన హెచ్‌పీఎల్‌సీ, అంటే రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో విడదీసి కొలిచే పరీక్ష. మామూలు రకమైన హిమోగ్లోబిన్ ఎ 40 శాతం, సికిల్ రకమైన ఎస్ 44 శాతం, కింద అభిప్రాయం "సికిల్ ట్రెయిట్" అని. ట్రెయిట్ అంటే లోపమున్న జన్యువు ఒక్కరి నుంచే వచ్చి, దాన్ని మోస్తున్నారని. మూడోది మరో చోట చేసిన ఎలక్ట్రోఫోరసిస్, కరెంటుతో హిమోగ్లోబిన్ రకాలను పట్టీలుగా విడదీసే పరీక్ష. ఎస్, ఎఫ్ (పుట్టినప్పటి రకం) పట్టీలు మాత్రమే కనిపించాయనీ, "హోమోజైగస్ సికిల్ సెల్ డిసీజ్", అంటే ఇద్దరి నుంచీ సికిల్ జన్యువే వచ్చిన జబ్బు అనీ రాశారు.

రెండో కాగితంతో చిక్కేమిటో తేదీలు పక్కపక్కన పెడితే తెలిసిపోయింది. అంతకు రెండు వారాల ముందే పాపకు ఒక యూనిట్ రక్తం ఎక్కించారు. ఆ 40 శాతం ఎ పాపది కాదు, రక్తం ఇచ్చినవాళ్లది. రక్తం ఎక్కించాక కనీసం మూడు నెలలు ఆగి హెచ్‌పీఎల్‌సీ చేయాలి. ఆగే వీలు లేకపోతే ఎక్కించే ముందే ఒక గొట్టంలో రక్తం తీసి పెట్టుకోవాలి. పిల్లకు హిమోగ్లోబిన్ 5కి పడిపోయి ఆయాసపడుతున్నప్పుడు ఈ చిన్న పని ఎవరికీ గుర్తుండదు. గుర్తుండకపోతే ఏమవుతుందో ఈ ఇంట్లో చూశాను. "ట్రెయిట్" అన్న ఆ కాగితం వల్ల పాపకు రావాల్సిన పింఛను దరఖాస్తు పక్కన పడింది. ట్రెయిట్ జబ్బు కాదు కదా అన్నారట. జబ్బు కాకపోతే నెలకోసారి కాళ్లు చేతులు పట్టుకుని రాత్రంతా ఏడుస్తున్న పిల్ల సంగతేమిటని అడిగినవాళ్లు లేరు.

అసలు ఇబ్బంది మొదటి కాగితంతో వచ్చింది. దాంట్లో తప్పు లేదు. పక్కన చెప్పిన మాటతోనే చిక్కు. అవగాహన కార్యక్రమాల్లో అందరూ చెప్పేదే అక్కడా చెప్పారు: తల్లికీ తండ్రికీ ఇద్దరికీ సికిల్ ఉంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది. పోస్టర్ మీద కూడా రెండు సగం ఎర్ర బొమ్మలు, మధ్యలో ఒక పూర్తి ఎర్ర బొమ్మ ఉంటాయి. తండ్రి కాగితం మీద నెగటివ్ అని ఉంది. మిగతాది ఇంట్లోవాళ్లు వాళ్లే లెక్క కట్టుకున్నారు. మొదటి రోజు తల్లి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగినవాటికి కూడా వెంట వచ్చిన అత్తగారే జవాబులు చెప్పింది. తల్లి అప్పటికి రెండో నెల గర్భిణి. ఆ సంగతి కూడా మా నర్సు విడిగా కూర్చోబెట్టి అడిగితేనే బయటికొచ్చింది.

ఎస్ లేని తండ్రికి సికిల్ జబ్బున్న బిడ్డ

ఇలాంటి ఫైలు చేతికొచ్చినప్పుడు ఏ వరసలో ఆలోచించాలో జూనియర్లకు నేను ప్రతిసారీ చెప్పేదే ఇక్కడా చెప్తాను. ముందు, తండ్రి పరీక్ష సరైనదేనా? పరీక్షలో వాడే మందు పాతదైనా, రక్తం మరీ తక్కువగా ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా సాల్యుబిలిటీ తప్పుడు నెగటివ్ ఇవ్వొచ్చు. రెండోది, శాంపిళ్లు తారుమారయ్యాయా? వందమంది వరసలో నిలబడ్డ క్యాంపులో అది జరగని పని కాదు. మూడోది, తండ్రిలో ఎస్ కాని వేరే లోపం ఉందా? బీటా తలసీమియా ట్రెయిట్ (హిమోగ్లోబిన్‌లోని బీటా గ్లోబిన్ తక్కువగా తయారయ్యే లోపం) కావచ్చు, హిమోగ్లోబిన్ డి పంజాబ్ కావచ్చు, ఇ కావచ్చు. వీటిలో ఏ ఒక్కటి తండ్రి నుంచి, ఎస్ తల్లి నుంచి కలిసినా బిడ్డకు సికిల్ జాతి జబ్బు వస్తుంది. సాల్యుబిలిటీ పరీక్షకు ఇవేవీ కనిపించవు. అది ఒక్క ఎస్‌నే పట్టుకుంటుంది. పైగా ఎస్ ఎంత ఉందో, ఒక పాలా రెండు పాళ్లా అనేది కూడా చెప్పలేదు. కొత్తగా వచ్చే ఎ, ఎస్, సి రకాల కిట్లు ట్రెయిట్‌ను, జబ్బును విడదీస్తాయి గానీ తలసీమియా సంగతి వాటికీ తెలియదు. బీటా తలసీమియా ఉన్న తండ్రి అందులో "మామూలు" అనే వస్తాడు.

పితృత్వం మీద అనుమానం ఈ వరసలో అట్టడుగున ఉంటుంది. ఇంట్లో మాత్రం అందరికీ తట్టేది అదే మొదట.

పాప పరీక్షలు

కళ్లలో లేత పసుపు. కుడివైపు కాలేయం కొద్దిగా తగులుతోంది. ఎడమవైపు ప్లీహం పక్కటెముకల కింద నాలుగు సెంటీమీటర్లు. "కడుపులో బల్ల ఉందని మంత్రం వేయించాం" అని అత్తగారు చెప్పింది. బల్ల ఉన్నమాట నిజమే. ఆఫ్రికా మూలాల సికిల్ రోగుల్లో ఈ వయసుకి ప్లీహం ఎండిపోయి చేతికి దొరకదు. మన దగ్గర ఆ లెక్క పనిచేయదు. ఒడిశా రోగులను జమైకా రోగులతో పోల్చి 1986లో వచ్చిన అధ్యయనం ఈ తేడాను స్పష్టంగా చూపించింది. మనవాళ్ల సికిల్ జన్యువు అరబ్-ఇండియన్ హాప్లోటైపు అనే నేపథ్యంలో ఉంటుంది. పుట్టినప్పటి ఎఫ్ హిమోగ్లోబిన్ పెద్దయ్యాక కూడా బాగానే మిగులుతుంది, ప్లీహం చాలాకాలం నిలబడుతుంది. అందుకని బల్ల ఉంది కాబట్టి ఇది ఎస్‌ఎస్ (ఇద్దరి నుంచీ ఎస్ వచ్చిన రకం) కాదు, తలసీమియా కలిసిందే అని ఏజెన్సీ పిల్లల్లో తీర్మానించకూడదు. పాఠ్యపుస్తకం చదివి వచ్చిన పీజీలు ఇక్కడే తొందరపడతారు.

రక్తం ఎక్కించి ఐదు నెలలు దాటింది కాబట్టి నమూనా శుభ్రంగానే ఉంది. హిమోగ్లోబిన్ 7.8 గ్రాములు, ఎర్రకణాలు 36 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సగటు పరిమాణం) 65, ఎంసీహెచ్ (ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్) 21.7, రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్రకణాలు) 9 శాతం. గాజుపలక మీద పరిచిన రక్తం, అంటే స్మియర్‌లో కొడవలి కణాలున్నాయి గానీ వాటికంటే మధ్యలో చుక్క ఉండే టార్గెట్ కణాలు, పాలిపోయిన చిన్న కణాలు ఎక్కువ కనిపించాయి. హెచ్‌పీఎల్‌సీలో ఎస్ 71.2, ఎఫ్ 17.6, ఎ2 (మామూలుగా కొద్దిగానే ఉండి, బీటా తలసీమియా ట్రెయిట్‌లో పెరిగే రకం) 5.8, యంత్రంలో ఎ బయటికొచ్చే సమయపు కిటికీలో 3.9 శాతం.

ఈ నాలుగు అంకెలు చూసి చాలామంది "ఎ2 ఎక్కువ, ఎంసీవీ తక్కువ, కాబట్టి సికిల్-బీటా తలసీమియా" అని రాసేస్తారు. చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ ఎస్ ఉన్న రక్తంలో ఎ2 అంకెను నమ్మేముందు ఒకసారి ఆగాలి. ఎస్ నుంచి ఏర్పడే కొన్ని ఉపరూపాలు అదే కిటికీలోంచి బయటికొస్తాయి కాబట్టి యంత్రం ఎ2ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మామూలు ఎస్‌ఎస్ రోగిలో కూడా 4 శాతం దాటడం చూస్తుంటాం. ఎంసీవీ తగ్గడానికి ఇనుము లోపం చాలు, ఆల్ఫా తలసీమియా (బీటాకు జోడీ అయిన ఆల్ఫా గ్లోబిన్ తగ్గే లోపం) చాలు. ఆంధ్రప్రదేశ్ అటవీ ప్రాంత తెగల్లో ఆల్ఫా తలసీమియా విస్తారంగా ఉందని 1980ల చివరి నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. ఇక ఆ 3.9 శాతం ఎ నిజంగా ఎ అయినా కావచ్చు, పాతబడ్డ ఎస్ ముక్కలు అక్కడ చేరినా చేరొచ్చు. పాప రక్తం ఒక్కటే పెట్టుకుని తేల్చే కేసు కాదిది. తల్లిదండ్రుల రక్తం చూడాల్సిందే.

తండ్రి రక్తం

తండ్రి కాఫీ తోటల్లో పనిచేస్తాడు. ఆరోగ్యంగా ఉన్నాడు. హిమోగ్లోబిన్ 13.1. ఎక్కడ చూపించుకున్నా "పర్లేదు, కాస్త తక్కువ" అని ఐరన్ మాత్రలు ఇచ్చేవాళ్లట. కౌంటింగ్ మెషిన్ కాగితంలో ఎవరూ చదవని వరసలో జవాబు ఉంది: ఎర్రకణాలు 62 లక్షలు, ఎంసీవీ 66. కణాలు చిన్నవి, కానీ సంఖ్య ఎక్కువ. ఇనుము తక్కువైతే సంఖ్య కూడా పడిపోతుంది. తలసీమియా ట్రెయిట్‌లో కణం చిన్నదై సంఖ్య పెరుగుతుంది. ఎంసీవీని మిలియన్లలో కణాల సంఖ్యతో భాగిస్తే 10.6 వచ్చింది. 13 కంటే తక్కువైతే తలసీమియా వైపు చూడమని పాత మెంట్జర్ సూత్రం. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే అంకె) మామూలుగానే ఉంది, అంటే ఆ ఐరన్ మాత్రలు అవసరం లేనివి. హెచ్‌పీఎల్‌సీలో ఎస్ లేదు, ఎ2 5.3 శాతం. ఎస్ లేదు కాబట్టి ఈ ఎ2 అంకెకు అడ్డు లేదు. బీటా తలసీమియా ట్రెయిట్.

తల్లిది ఇంకొంచెం చిక్కు. ఎస్ 30.5 శాతం, ఎంసీవీ 72, ఫెరిటిన్ 9. సికిల్ ట్రెయిట్‌లో ఎస్ సాధారణంగా 35 నుంచి 40 మధ్య ఉంటుంది. ఇనుము లోపం దాన్ని కిందికి లాగుతుంది, ఆల్ఫా తలసీమియా కూడా లాగుతుంది. ఆమెలో రెండూ ఉన్నాయి. ఆల్ఫా జన్యువుల్లో ఒకటి 3.7 రకం తొలగింపుతో పోయింది. సికిల్ ఉన్నవాళ్లకు ఐరన్ ఇవ్వకూడదని ఎవరో చెప్పారని గర్భిణికి ఇచ్చిన మాత్రలు అటక మీద పెట్టేశారు. ట్రెయిట్ ఉన్నంత మాత్రాన ఐరన్ మానక్కర్లేదు. ఫెరిటిన్ 9 ఉన్న గర్భిణికి అది మొట్టమొదటి మందు.

ఆపై డీఎన్‌ఏ. పాపలో 11వ క్రోమోజోమ్ మీది బీటా గ్లోబిన్ జన్యువు రెండు ప్రతులూ దెబ్బతిన్నాయి. తల్లి నుంచి వచ్చినదాంట్లో ఆరో కోడాన్ జీఏజీ బదులు జీటీజీ. అదే సికిల్. తండ్రి నుంచి వచ్చినదాంట్లో ఐవీఎస్ 1-5 అనే మార్పు, జి ఉండాల్సిన చోట సి. భారతదేశంలో బీటా తలసీమియాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే మార్పు ఇదే. ఇది జన్యువును పూర్తిగా ఆపేయదు, చిటికెడు మామూలు గ్లోబిన్‌ను వదులుతుంది. ఆ 3.9 శాతంలో కొంతైనా నిజమైన ఎ ఉందని అప్పుడు తేలింది. పుస్తకాల లెక్కలో దీన్ని సికిల్-బీటా ప్లస్ అనాలి. ప్లస్ అంటే తేలిక రకం అని అనుకోవడం మన దగ్గర పొరపాటు. ఐవీఎస్ 1-5తో వచ్చే ప్లస్ రోగి బాధలో జీరో (మామూలు బీటా గ్లోబిన్ అసలే రాని) రోగికి ఏమీ తీసిపోడు.

ఈ జోడీ జబ్బు వైద్యానికి కొత్తది కాదు. 1940ల్లోనే రోములో ఎజియో సిల్వెస్ట్రోని, ఇదా బియాంకో అనే డాక్టర్ దంపతులు, ఒకవైపు సికిల్, మరోవైపు వాళ్లు మైక్రోసైటీమియా అని పిలిచిన తలసీమియా ట్రెయిట్ కలిసిన రోగులను గుర్తించి వర్ణించారు. సికిల్ హిమోగ్లోబిన్ అణువే వేరని పాలింగ్ బృందం చూపించింది 1949లో. అంటే అణువు సంగతి తెలియకముందే, తల్లినీ తండ్రినీ పక్కపక్కన కూర్చోబెట్టి రక్తం చూడటం వల్ల వాళ్లకు విషయం దొరికింది. మన దగ్గర 1952లో లేమన్, కట్‌బుష్ అనే పరిశోధకులు నీలగిరి తెగల్లో సికిల్‌ను కనిపెట్టారు. అప్పటి నుంచి సికిల్ గిరిజనుల జబ్బు, తలసీమియా సింధీలది, పంజాబీలది అన్న గీత ఒకటి వైద్యుల బుర్రల్లో పడిపోయింది. మలేరియాకు ఈ గీత తెలియదు. సికిల్ ట్రెయిట్ మలేరియా నుంచి కాపాడుతుందని అలిసన్ 1954లో చూపించాడు. తలసీమియా గురించి అలాంటి ఊహనే హాల్డేన్ 1949లో చేశాడు. తరతరాలుగా మలేరియా ఉన్న మన్యంలో ఈ రెండూ, వాటితోపాటు ఆల్ఫా తలసీమియా, జీ6పీడీ అనే ఎంజైము లోపం కూడా కలిసి ఉండటంలో వింతేముంది?

తండ్రి అడిగింది

ఫలితాలు చెప్పడానికి ముందు భార్యాభర్తలిద్దరినే కూర్చోబెట్టాను. అత్తగారిని బయట కూర్చోమనడానికి కొంత నేర్పు కావాల్సి వచ్చింది. కాగితం మీద రెండు పేర్లు రాసి, మీకొక రకం లోపం, ఆమెకు ఇంకో రకం లోపం, రెండూ కలిస్తే పాప జబ్బు అని చెప్పాను.

"నాకేటీ లేదని కాగితమిచ్చేసినారు కదమ్మా" అన్నాడు.

"ఆ కాగితం అబద్ధం కాదు. సికిల్ లేదంది, నిజంగానే లేదు. దానికి రెండోది వెతకడం రాదు."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత భార్య వైపు చూడకుండానే అడిగాడు: "ఈ పరీక్షలో పిల్ల నా పిల్లో కాదో తెలిసిపోద్దా, డాక్టరమ్మా?"

ఇక్కడ తేలికైన జవాబు ఒకటి సిద్ధంగా ఉంటుంది: మీలో ఉన్న మార్పే పాపలో ఉంది, కాబట్టి మీ పాపే. నేనలా చెప్పలేదు. ఐవీఎస్ 1-5 మన దేశంలో ఎంతోమందిలో ఉంది కాబట్టి అదొక్కటే పితృత్వానికి రుజువు కాదు. ఇవాళ నేను దాన్ని రుజువుగా వాడితే, రేపు ఇంకో ఇంట్లో అంకె కలవనప్పుడు దాన్నే నేరానికి సాక్ష్యంగా వాడతారు. చెప్పిందేమిటంటే: "అనుమానం ఎందుకొచ్చింది? మీకు లేని జబ్బు పిల్లకొచ్చిందనే కదా. మీవైపు నుంచి రావాల్సింది మీలో ఉంది. పిల్లలో ఉంది. ఇక ఆ అనుమానానికి కారణమే మిగల్లేదు. మేం ఇక్కడ జబ్బుకే పరీక్ష చేస్తాం, ఆ రెండో దానికి కాదు." తల్లి అప్పుడు మొదటిసారి మాట్లాడింది. నాతో కాదు, అతనితో: "ఈ మాట అమ్మ దగ్గర కూడా చెప్పించు." అత్తగారిని లోపలికి పిలిచి అదంతా మళ్లీ చెప్పాను. ఆమె ఒప్పుకుందో లేదో నాకు తెలియదు. కొడుకు రక్తంలో లోపం ఉందన్న మాట ఆమెకు అంత సులువుగా దిగే మాట కాదు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాను. లోపమంటే రోగం కాదు, మీ అబ్బాయి నూరేళ్లు ఇలాగే పనిచేసుకుంటాడు అని.

పాప మందు

హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టాం. ఎఫ్ హిమోగ్లోబిన్‌ను పెంచి కణాలు కొడవళ్లు కాకుండా చూసే ఈ మందు పెద్దల్లో సికిల్ జబ్బుకు అమెరికాలో 1998లోనే అనుమతి పొందింది. చిక్కేమిటంటే అప్పుడు మాకు దొరికింది 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్, పిల్ల 18 కిలోలు. క్యాప్సూల్ విప్పి పొడిని సగం చేయమనడం నాకు ఇష్టం ఉండదు, ఇంట్లో గర్భిణి ఉన్నప్పుడు అసలే చెప్పను. రోజు విడిచి రోజు ఒక క్యాప్సూల్ వేస్తే సగటున రోజుకు కిలోకు దాదాపు 14 మిల్లీగ్రాములు పడుతుంది. అదే ఇచ్చాం. క్యాప్సూల్‌ను తల్లి ముట్టుకోకుండా తండ్రి వేయాలని చెప్పాం. దీనివల్ల అనుకోని లాభం ఒకటి జరిగింది. పిల్ల మందు బాధ్యత పూర్తిగా అతని చేతికొచ్చింది. మొదట్లో నెలకోసారి తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు చూశాం. అది పీహెచ్‌సీలోనే చేసి ఫోన్‌లో పంపేవాళ్లు. ఎనిమిది నెలల తర్వాత హిమోగ్లోబిన్ 9.4, ఎఫ్ 24 శాతం. నొప్పులు పూర్తిగా పోలేదు. చలికాలంలో ఒకసారి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. రక్తం మాత్రం మళ్లీ ఎక్కించాల్సిన అవసరం రాలేదు. సరైన రోగ నిర్ధారణ కాగితంతో పింఛను దరఖాస్తు మళ్లీ పెట్టించాం. సికిల్ సెల్, తలసీమియా రెండూ 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో ఉన్నాయన్న సంగతి కింది స్థాయి సిబ్బందిలో చాలామందికి ఇప్పటికీ చెప్పాల్సి వస్తోంది.

కడుపులోని బిడ్డ

ప్రతి కాన్పుకూ బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. రెండో నెలలోనే వచ్చారు కాబట్టి సమయం చేతిలో ఉంది. పన్నెండో వారంలో మాయ నుంచి చిన్న ముక్క, అంటే సీవీఎస్ తీశాం. ఆ ముక్కలో తల్లి కణజాలం అంటుకుని ఉంటే మైక్రోస్కోప్ కింద ఏరేస్తాం. అయినా తల్లి డీఎన్‌ఏ కలిసిందేమో తెలుసుకోవడానికి కొన్ని ఎస్‌టీఆర్ మార్కర్లు (మనిషికీ మనిషికీ తేడా ఉండే డీఎన్‌ఏ గుర్తులు) తప్పకుండా చూస్తాం. ఇది చేయకుండా ఇచ్చే గర్భస్థ ఫలితానికి విలువ లేదు, బిడ్డదనుకుని తల్లి జన్యువులనే చదివే ప్రమాదం ఉంది. ఆ మార్కర్లలో తల్లి, బిడ్డ పోలికే చూస్తాం, తండ్రి శాంపిల్‌ను ఆ పలకలో పెట్టం. అది మా ల్యాబ్ పద్ధతి. కారణం పైన చెప్పిన సంభాషణే.

ఫలితం: తల్లి నుంచి ఎస్, తండ్రి నుంచి ఐవీఎస్ 1-5. అక్క జబ్బే.

బీటా తలసీమియా మేజర్ అయితే నేను చెప్పే మాటలు ఒక తీరుగా ఉంటాయి. నెలనెలా రక్తం, ఇనుము తీసే మందులు, జీవితాంతం. సికిల్-బీటాలో అంత నికరంగా చెప్పలేను. ఒకే మార్పులున్న ఇద్దరిలో ఒకరు బడికి వెళ్లి చదువుకుంటారు, ఒకరు ఛాతీ ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో పడతారు. ఈ అనిశ్చితిని దాచకుండా చెప్పాను. చట్టం ఏం అనుమతిస్తుందో చెప్పాను. నిర్ణయం మీదేనన్నాను. వారం తర్వాత వచ్చి, ఉంచుకుంటామన్నారు. "పెద్దదాన్ని చూస్తన్నాం కద. మందేస్తే బడికెళ్తంది" అన్నాడు తండ్రి. ఉంచుకునేట్టయితే ఇంత ఖర్చుపెట్టి పరీక్ష ఎందుకని మా దగ్గరే ఒకరు అడిగారు. గర్భస్థ పరీక్ష అంటే గర్భం తీయించడానికే అనుకునేవాళ్లు డాక్టర్లలోనూ ఉన్నారు. పుట్టకముందే తెలియడం వల్ల ఈ బిడ్డకు దక్కినవి చూడండి.

మగబిడ్డ. పుట్టిన మూడో రోజు మడమ రక్తంలో ఎఫ్, కొద్దిగా ఎస్ ఉన్నాయి, ఎ కనిపించలేదు. ఈ వయసులో సాల్యుబిలిటీ చేస్తే నెగటివ్ వచ్చేది, ఎఫ్ ఎక్కువ కాబట్టి. అంటే క్యాంపు లెక్కలో ఈ బిడ్డ కూడా మామూలే అయ్యేవాడు. రెండో నెల నుంచి రోజుకు రెండుసార్లు పెన్సిలిన్. న్యూమోకాకల్ టీకా 2021 నుంచి దేశమంతటా ప్రభుత్వ టీకాల్లోనే ఉంది కాబట్టి దానికి వేరే ఖర్చు లేదు. అన్నిటికంటే ముఖ్యమైంది, ప్లీహాన్ని తడిమి చూడటం తల్లికి నేర్పాం. ఒక్కసారిగా రక్తమంతా ప్లీహంలోకి చేరి గంటల్లో ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి ఈ పిల్లల్లో మొదటి ఏళ్లలోనే ఎక్కువ. ఎడమ పక్కటెముకల కింద రెండు వేళ్లు పెట్టి, ఎక్కడి దాకా తగులుతోందో బాల్‌పెన్‌తో గీత గీసుకోమన్నాం. పిల్లాడు పాలిపోయి, గీత దాటి బల్ల పెరిగితే అదే క్షణం 108కి ఫోన్ చేయాలి. పదకొండో నెలలో ఆమె అలాగే ఫోన్ చేసింది. హిమోగ్లోబిన్ 4.1, ప్లీహం గీతకు మూడు వేళ్లు కింద. దారిలోని ఏరియా ఆసుపత్రికి ముందుగా సమాచారం ఇవ్వగలిగాం కాబట్టి రక్తం సిద్ధంగా ఉంది. బిడ్డ బతికాడు. గట్టెక్కాక హైడ్రాక్సీయూరియా వాడికీ మొదలైంది.

మిగతా చుట్టాలు

ఈ రెండు కుటుంబాల మధ్య కుండమార్పిడి సంబంధం ఒకటి ఖాయమై ఉంది. పాప మేనమామకు పాప మేనత్తను ఇవ్వాలనుకున్నారు. మేనమామ సికిల్ ట్రెయిట్. క్యాంపు కాగితం ప్రకారం మేనత్త నెగటివ్, కాబట్టి ఇబ్బంది లేదనుకున్నారు. ఆమె అన్నకూ అదే నెగటివ్ వచ్చిందని గుర్తుచేశాను. ఆమె రక్తం పూర్తిగా చూస్తే ఎంసీవీ 83, ఎ2 2.7. తలసీమియా లేదు. పెళ్లి జరిగింది. ఉండి ఉంటే పెళ్లి ఆపమని చెప్పేదాన్ని కాదు. కాన్పు మొదట్లోనే రమ్మని చెప్పేదాన్ని.

2023 జూలై 1న షహడోల్‌లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు ఏడు కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. మన రెండు రాష్ట్రాలూ అందులో ఉన్నాయి. నేను దాన్ని తక్కువ చేయను. ఈ పాప మా దాకా వచ్చింది ఆ తరహా క్యాంపు వల్లే. నా పేచీ ఒక్క చోటే. పాజిటివ్ వచ్చినవాళ్లకు మాత్రమే పై పరీక్ష చేసే పద్ధతిలో, నెగటివ్ వచ్చిన జీవిత భాగస్వామి ఎవరి లెక్కలోకీ రాడు. జన్యు పరీక్షలు ఊరూరా చేయమని అడగడం లేదు. పెళ్లి వయసులో ఉన్న సికిల్ ట్రెయిట్ ప్రతి ఒక్కరి భాగస్వామికీ, సాల్యుబిలిటీ ఏం చెప్పినా, ఒక మామూలు సీబీసీ (రక్తకణాల లెక్క) చేసి ఎంసీవీ, ఎంసీహెచ్ చూడాలి. ఎంసీహెచ్ 27 కంటే తక్కువుంటే హెచ్‌పీఎల్‌సీకి పంపాలి. సీబీసీ యంత్రం ఇప్పుడు చాలా సీహెచ్‌సీల్లో ఉంది. ఇక పోస్టర్ మీది మాట మారాలి. "ఇద్దరికీ సికిల్ ఉంటేనే" కాదు, "ఇద్దరికీ హిమోగ్లోబిన్ లోపం ఏదో ఒకటి ఉంటే" అని. మా ల్యాబ్ ఇచ్చే ప్రతి నెగటివ్ రిపోర్టు కిందా ఇప్పుడు ఒక వాక్యం అచ్చు వేస్తున్నాం: "ఈ పరీక్ష ఎస్ కోసమే. బీటా తలసీమియా లేదని దీని అర్థం కాదు."

పరిశోధన వైపు నుంచి ఒక ప్రశ్న ఈ ఇంట్లోనే మిగిలింది. అక్కాతమ్ముళ్లకు బీటా జన్యువులో ఒకే జత మార్పులు. అయినా తమ్ముడికి వచ్చినంత ప్రమాదం అక్కకు ఆ వయసులో రాలేదు. ఎఫ్‌ను నియంత్రించే బీసీఎల్11ఏ, హెచ్‌బీఎస్1ఎల్-మిబ్ ప్రాంతాల్లో ఇద్దరికీ తేడా ఉందేమో చూడాలి. ఎఫ్ స్థాయిలు పిల్లాడికి ఇంకా కుదురుకోలేదు కాబట్టి ఇప్పుడే పోల్చలేం. ఆల్ఫా విషయంలో తేడా ఉన్నట్టు తేలింది. తల్లిలోని తొలగింపు తమ్ముడికి వచ్చింది, అక్కకు రాలేదు.

తండ్రి అన్నగారు మాత్రం ఇంతవరకూ రక్తం ఇవ్వలేదు. ఆయన భార్య సికిల్ కార్డు మీద ట్రెయిట్ అని ఉంది. వాళ్లకు ఇంకా పిల్లలు లేరు. నాకేం లేదని క్యాంపులో చెప్పేశారు, మళ్లీ ఎందుకంటున్నాడట. ఈసారి సంతకు వచ్చినప్పుడు తమ్ముడే దగ్గరుండి తీసుకొస్తానన్నాడు.